రెండు కనూ పడవల్ని మోసే చిన్న క్యాంపింగ్ ట్రైలర్: గీత నుంచి చెరువుగట్టు దాకా

నెల్లూరు జిల్లా సోమశిల జలాశయం దగ్గర మా ట్రైలర్ చూసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంతయింది?" అని. ఇనుము రేటు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు కాబట్టి ఆ లెక్క వదిలేస్తున్నాను. రెండో ప్రశ్న "ఎట్లా చేశారు?" అని. దానికి గట్టు మీద నిలబడి చెప్తే సగం చెప్పి సగం మర్చిపోతున్నా. అందుకే వరసగా రాస్తున్నాను.

ఇద్దరు పడుకునే పెట్టె, వెనక చిన్న వంటిల్లు, పైన 14 అడుగుల ఫైబర్ కనూలు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) రెండు: కింద లెక్కలన్నీ ఈ ట్రైలర్‌వే. మీ పడవ కొలత వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

1. పెన్ను కంటే ముందు టేపు

చాలామంది పెట్టె బొమ్మ గీసి, కిటికీ ఎక్కడో తేల్చుకుని, చివర్లో "పైన పడవ పెడదాం" అంటారు. అక్కడే పని చెడుతుంది. ఈ ట్రైలర్‌లో అన్నిటికంటే పొడుగైనది పడవ. మిగతావన్నీ దానికి సర్దుకోవాలి.

ముందు ఇవి రాసుకోండి:

- కనూ పొడవు, బాగా వెడల్పున్న చోట వెడల్పు. (మాది 14 అడుగులు, 34 అంగుళాలు.)
- కనూ బరువు. ఒక కొన కింద బాత్‌రూమ్ తూకం, రెండో కొన కింద అంతే ఎత్తు దిమ్మ పెట్టి చూడండి. తర్వాత కొనలు మార్చి చూడండి. రెండు అంకెలు కూడితే బరువు. (మాది 30 కిలోలు.)
- లాగే బండి వెడల్పులో సగం. బొలెరో లాంటి బండికి దాదాపు మూడడుగులు.
- బండి బంపర్ నుంచి టో బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మధ్యకు దూరం, నేల నుంచి బాల్ ఎత్తు.
- బండి మాన్యువల్‌లో రాసిన లాగే బరువు. మెకానిక్ చెప్పేది కాదు, మాన్యువల్‌లో ఉన్నది.
- ఇంటి గేటు, సందు మలుపు. మావాడొకడు ట్రైలర్ అంతా చేయించాక గేటు స్తంభం పడగొట్టాల్సి వచ్చింది.

2. ఇనుము కొనకముందే కాగితాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ట్రైలర్ కూడా మోటారు వాహనం. ఇంజిన్ లేదు కదా అని నంబరు లేకుండా హైవే ఎక్కించడానికి లేదు. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు, అమ్మకం పత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. ఇంటి వెనక వెల్డింగ్ చేసుకున్న దానికి ఫారం 22 ఎవరిస్తారు?

అందుకని తేలికైన దారి ఒకటుంది. ఆమోదం ఉన్న ట్రైలర్ తయారీదారు దగ్గర మీ కొలతలతో ఛాసిస్ (అడుగు ఫ్రేమ్) తీసుకోండి, పైన పెట్టె మీరు కట్టుకోండి. డ్రాయింగు పట్టుకుని ముందే రవాణా శాఖ ఆఫీసులో ఒకసారి చూపించి, ఏమేం అడుగుతారో రాయించుకోండి. ట్రైలర్‌కు ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

డిజైన్ మీద ప్రభావం చూపే నిబంధన ఇంకొకటి. లోడు బండి వెనక అంచు దాటి పొడుచుకు రాకూడదు, పక్కలకూ దాటకూడదు. ఎర్రగుడ్డ కట్టేస్తే చాలనుకునే రోజులు పోయాయి. పడవ మొత్తం ట్రైలర్ కొలతల లోపలే ఉండాలి.

3. పొడవు: పడవకు మూడున్నర అడుగులు కలపండి

పడవ తోక ట్రైలర్ వెనక అంచుతో సమంగా ఉంటుంది. ముక్కు ముందుకు, నొగ మీదుగా వస్తుంది. (లాగే కడ్డీని మా షాపులో డ్రాబార్ అంటారు, నాకు ఎడ్లబండి నొగ అనడమే బాగుంటుంది.) ఆ ముక్కు ఎంతదాకా రావచ్చు?

నేరుగా పోతున్నప్పుడు అడుగు ఖాళీ ఉన్నా చాలు. మలుపులో, ముఖ్యంగా రివర్సులో, ట్రైలర్ బండికి అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు లోపలివైపు పడవ ముక్కు బండి వెనక మూలకు వచ్చి గుద్దుకుంటుంది. ట్రైలర్ 90 డిగ్రీలు తిరిగినా తగలకుండా ఉండాలంటే, ముక్కుకూ టో బాల్‌కూ మధ్య దూరం బండి వెడల్పులో సగం కంటే ఎక్కువుండాలి. సగం మూడడుగులు, పైన అరడుగు జాగ్రత్తకు. మొత్తం మూడున్నర.

అంటే బాల్ నుంచి వెనక అంచు దాకా: 14 + 3.5 = 17.5 అడుగులు.

ఈ పొడవులో పెట్టెను కూర్చోబెట్టాలి:

- బాల్ నుంచి పెట్టె ముందు గోడకు 8 అడుగుల నొగ
- పెట్టె 8 అడుగులు
- పెట్టె వెనక ఒకటిన్నర అడుగు ఫ్రేమ్: వెనక లైట్లు, నంబర్ ప్లేటు, వంట చేసేటప్పుడు సామాను పెట్టుకునే మెట్టు

ఈ లెక్క నమ్మబుద్ధి కాకపోతే మేడ మీద సుద్దముక్కతో బండి వెనక భాగం నిజం కొలతల్లో గీయండి. అట్టముక్కలతో ట్రైలర్, పడవలు కత్తిరించి బాల్ ఉన్న చోట మేకు గుచ్చి తిప్పి చూడండి. మా అమ్మాయి చేత తిప్పించాను. మొదట వేసిన ఆరడుగుల నొగకు పడవ ముక్కు బండి వెనక అద్దంలో దూరింది. అట్టముక్క కాబట్టి సరిపోయింది.

ఇంత నొగ చూసి షాపులో మేస్త్రి నవ్వాడు. "ఏందన్నా ఇది, గిత్తలు కడతావా ఏంది?" అన్నాడు. పడవలు ఎక్కించాక మళ్ళీ అనలేదు.

4. వెడల్పు, ఎత్తు

వెడల్పును ప్లైవుడ్డే నిర్ణయిస్తుంది. షీటు 8 బై 4 కాబట్టి ఫ్లోరు ఒక్క షీటులో అయిపోతుంది, వ్యర్థం లేదు. ఇద్దరికి నాలుగడుగులు ఇరుకే, ఒప్పుకుంటాను.

రెండు కనూలు పక్కపక్కన బోర్లిస్తే 34 + 34, మధ్యలో 4, మొత్తం 72 అంగుళాలు. పెట్టెకు బయట రెండువైపులా చక్రం, మడ్‌గార్డ్ కలిపి 12 అంగుళాల చొప్పున వస్తే ట్రైలర్ వెడల్పు కూడా సరిగ్గా 72. పడవలు మడ్‌గార్డ్ అంచు దాటవు. మీ కనూ ఇంకా వెడల్పయితే ఒకదాన్ని పక్కకు ఒరిగించి పెట్టే ఊతం చేయించండి. మడ్‌గార్డ్ మాత్రం పెంచుకుంటూ పోకండి.

ఫ్లోరు నేల నుంచి 20 అంగుళాలు, పెట్టె 48, పైన రెండు ఖాళీ. పడవలు ఆనే రాక్ కడ్డీ 70 అంగుళాల ఎత్తులో వస్తుంది. అంతకంటే పైకి పోతే పడవ ఎత్తడం కష్టం, గాలి పట్టడం ఎక్కువ.

5. బరువు లెక్క (దీన్ని దాటేసి ముందుకు పోవద్దు)

ఎడ్లబండి తోలినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బండి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది. అందుకే కాస్త ముందుబరువుగా లోడు వేస్తారు. ట్రైలర్‌కూ అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద, అంటే టో బాల్ మీద పడాలి. తక్కువైతే వేగంలో తోక ఊపుతుంది. మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

ఇరుసు ఎక్కడ పెట్టాలనేది ఈ లెక్కే చెప్తుంది. నాకు బాల్ నుంచి 13 అడుగుల దగ్గర కుదిరింది, అంటే పెట్టె ముందు గోడ నుంచి ఐదడుగులు వెనక్కి. ఒక్కో వస్తువు బరువును ఇరుసు నుంచి దాని దూరంతో గుణించండి. ఇరుసుకు ముందుంటే కలపండి, వెనకుంటే తీసేయండి.

- ఛాసిస్, నొగ: 95 కిలోలు × 2.9 అడుగులు = 275
- పెట్టె: 120 × 1 = 120
- రాక్: 30 × 2.5 = 75
- కనూలు రెండు: 60 × 2.5 = 150
- నొగ మీద స్పేర్ టైరు, చిన్న సిలిండర్, జాకీ: 30 × 6 = 180
- నీళ్ళు, 20 లీటర్ల క్యాన్లు రెండు: 40 × 1 = 40
- పరుపు, బ్యాటరీ, బట్టలు: 30 × 1 = 30
- వెనక వంట సామాను: 30 × 2 = 60, ఇది తీసేయాలి
- ఇరుసు, స్ప్రింగులు, చక్రాలు: 85 కిలోలు, దూరం సున్నా

మొత్తం 810. దాన్ని 13తో భాగిస్తే 62 కిలోలు. ట్రైలర్ మొత్తం 520 కిలోలు కాబట్టి నొగ మీద 12 శాతం. బాగుంది.

ఇప్పుడు కనూలు దించేసి ఖాళీగా పోయే లెక్క కూడా వేయండి. 810 నుంచి 150 పోతే 660, నొగ మీద 51 కిలోలు. మొత్తం 460లో 11 శాతం. పడవలున్నా లేకున్నా పరిధిలోనే ఉంది. ఈ రెండో లెక్క వేయనివాళ్ళే ఎక్కువ.

నేను లెక్క తప్పింది ఇంకోచోట. ఒకసారి కొత్తపట్నం నుంచి వస్తూ చేపలు, ఐసు కలిపి 40 కిలోల పెట్టెను వెనక మెట్టు మీద కట్టాను. నీళ్ళ క్యాన్లు కూడా వంటింట్లోకి జరిగి ఉన్నాయి. హైవే మీద ఒక లారీ దాటిపోయిన గాలికి ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే ఒకసారి ఎడమ చక్రం, ఒకసారి కుడి చక్రం కనిపిస్తోంది. కాళ్ళు చల్లబడ్డాయి. ఇంటికొచ్చి లెక్క వేస్తే నొగ మీద 39 కిలోలే, మొత్తంలో 7 శాతం.

అలా ఊగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, వేగం పెంచొద్దు. స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. సర్దుకున్నాక పక్కకు ఆపి బరువు ముందుకు జరపండి.

కాగితం లెక్కను తూకంతో సరిచూసుకోవాలి. ట్రైలర్‌ను చదునైన నేల మీద నిలబెట్టి, టో బాల్ ఎంత ఎత్తుందో అంత ఎత్తు వచ్చేలా తూకం, దాని మీద చెక్కదిమ్మ పెట్టి నొగ కొన ఆనించండి. చక్రాలకు రాళ్ళు మర్చిపోకండి.

6. ఛాసిస్, ఇరుసు

ట్రాక్టర్ ట్రక్కులు చేసే షాపులో అడిగితే అలవాటు కొద్దీ పెద్ద సి ఛానెల్ (సి ఆకారపు ఇనుప కడ్డీ) వేసేస్తారు. గట్టిగానే ఉంటుంది, ఖాళీ ఛాసిసే రెండింతలు తూగుతుంది. నొగకు 80 బై 80 చదరపు పైపు, 4 మిల్లీమీటర్ల మందం సరిపోయింది. మీటరు తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. ఇది పెట్టె ముందు గోడ దగ్గర ఆగకుండా కింద నుంచి ఇరుసు దాకా పోవాలి.

మేస్త్రికి గట్టిగా చెప్పాల్సిన విషయాలు:

- నొగ మీద, ముఖ్యంగా పెట్టె ముందు అడ్డకడ్డీ దగ్గర, పైన గానీ కింద గానీ అడ్డంగా వెల్డింగ్ గీత వద్దు. అక్కడే బలం ఎక్కువ పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. పక్కలకు నిలువుగా అతకాలి.
- పైపు చివరలు మూసి, కింద నీరు కారే చిన్న రంధ్రం ఉంచాలి.
- ఎపాక్సీ ప్రైమర్ వేశాకే పెయింటు. మైపాడు సముద్రతీరం ఉప్పుగాలికి మామూలు రెడాక్సైడ్ నిలవదు.

స్ప్రింగులు 600, 700 కిలోలకు సరిపోయేవి చాలు. లోడ్ ఆటోవి వేస్తే గతుకుల్లో పెట్టె ఎగిరెగిరి పడి లోపల గిన్నెలన్నీ కిందికి వస్తాయి. చక్రం బోల్టుల అమరిక లాగే బండితో కలిసేలా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) దొరికితే స్పేర్ టైరు ఒకటే సరిపోతుంది. ఆటోనగర్‌లో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది.

ఇరుసు బిగించేటప్పుడు ఒక దారం తీసుకోండి. నొగ కొన నుంచి ఎడమ హబ్ మధ్యకు, తర్వాత కుడి హబ్ మధ్యకు లాగి చూడండి. రెండూ ఒకటే రావాలి, తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మాకు మొదట ఒక వేలు వెడల్పు తేడా వచ్చింది. మేస్త్రి "నడుస్తాదిలే అన్నా" అన్నాడు. నడుస్తుంది, కాకపోతే పక్కకు నడుస్తుంది, టైర్లు ఒకవైపు అరిగిపోతాయి. విప్పించి మళ్ళీ పెట్టించాను.

7. రాక్ బరువు ఛాసిస్ మీదే

పెట్టె పైకప్పుకు కడ్డీలు బిగిస్తే మొదటి ట్రిప్పులో బాగానే ఉంటుంది. రెండో వానకు బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది, మూడోసారికి ప్లైవుడ్ ఊడుతుంది. స్తంభాలు ఛాసిస్ నుంచే లేవాలి.

ముందు కడ్డీ బాల్ నుంచి ఆరడుగుల దగ్గర, నొగ మీద టీ ఆకారంలో నిలబడుతుంది. దానికి వెనకవైపు ఛాసిస్ నుంచి రెండు ఏటవాలు ఊతాలు. వెనక కడ్డీ 15 అడుగుల దగ్గర, పెట్టెకు రెండువైపులా ఉన్న స్తంభాల మీద. పడవకు రెండు కొనల్లోనూ రెండున్నర అడుగుల చొప్పున బయటికి ఉంటుంది. కడ్డీల మీద పాత సైకిల్ ట్యూబు చుట్టండి.

వెనక కడ్డీకి ఒక పీవీసీ పైపు ముక్క వదులుగా తొడిగితే అదే రోలర్. పడవ ముక్కు దాని మీద ఆనించి తోసేయొచ్చు, ఒక్కరైనా ఎక్కించుకోవచ్చు.

8. పడక పెట్టె

ఫ్లోరుకు 12 మిల్లీమీటర్లు, గోడలకు 9, పైకప్పుకు 6. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. ఐఎస్ 303 చవక, కానీ మన తేమకు ఆగదు. కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీ పట్టించాలి, నీరు ఎక్కేది అంచు నుంచే. స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

గాలి విషయంలో పిసినారితనం వద్దు. ఎదురెదురు గోడల్లో ఒక కిటికీ కిందుగా, ఒకటి పైగా, పైకప్పులో ఒక వెంట్. అన్నిటికీ దోమతెర. నెల్లూరు దోమల సంగతి నేను చెప్పాలా?

గ్యాస్ సిలిండర్ పడుకునే పెట్టెలో పెట్టకూడదు. నొగ మీది డబ్బాలోనే ఉండాలి, ఆ డబ్బా అడుగున రంధ్రాలుండాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. వంటప్పుడు సిలిండర్ వెనక్కి తెచ్చుకుని, అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టేయాలి. బ్యాటరీ ఆ డబ్బాలో వద్దు.

9. లైట్లు

వెనక లైటు, బ్రేకు లైటు, ఎడమ, కుడి ఇండికేటర్లు. ట్రైలర్ ఎర్త్‌ను బాల్ ద్వారా వస్తుందిలే అని వదిలేయకుండా విడిగా వైరు లాగి ప్లగ్గులోంచి బండికి కలపండి. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మిణుకుమంటోందంటే పదిలో తొమ్మిదిసార్లు ఎర్తే. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు.

10. పడవలు కట్టడం

- బోర్లించి, ఒక్కో పడవకు రెండు పట్టీలు. రాట్చెట్ పట్టీ (మీటతో బిగించేది) వద్దు, బిగింపు తెలియక ఫైబర్ అంచు పగులుతుంది. బకిల్ పట్టీ చేత్తో లాగి బిగిస్తే చాలు.
- పట్టీని మధ్యలో ఒక మెలి తిప్పండి. లేకపోతే గాలికి దారిపొడుగునా బూరలా మోగుతుంది.
- ముక్కు తాడు నొగకు కట్టాలి, బండి బంపర్‌కు కాదు. మలుపు తిరిగితే బండి ఒకవైపు, ట్రైలర్ ఒకవైపు. తాడైనా తెగుతుంది, పడవైనా విరుగుతుంది.
- తోక తాడు వెనక ఫ్రేమ్‌కు.

11. మొదటి ప్రయాణం, తర్వాత కడుగుడు

మొదటిసారి ఖాళీ రోడ్డు మీద, పగలు, 60 దాటకుండా. 50 కిలోమీటర్ల దగ్గర ఆపి చక్రం నట్లు మళ్ళీ బిగించండి. హబ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే బేరింగు మరీ బిగించారు.

నీళ్ళ దగ్గర చక్రాలు ముంచకండి. వేడి హబ్ చల్లటి నీళ్ళలో పడితే సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. కనూ 30 కిలోలే కదా, మోసుకెళ్ళండి. ఇసకలోనూ అంతే, సర్వి తోపు దగ్గర గట్టినేల మీదే ఆపేయండి. సముద్రం ఒడ్డుకు పోయొస్తే అదే రోజు మంచినీళ్ళతో అడుగుభాగం, స్ప్రింగులు కడగాలి.

ఎక్కడ దించాలనేది కూడా చూసుకోండి. పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా పడవ దించొద్దు. సోమశిల, కండలేరు లాంటి జలాశయాల్లో నీటిపారుదల వాళ్ళను అడిగి, లైఫ్ జాకెట్ వేసుకుని. మైపాడు అలల్లోకి కనూ తీసుకుపోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపానులు. ఆ మూడు నెలలూ ట్రైలర్‌కు రంగులు, బేరింగు గ్రీజు పనులు పెట్టుకోండి.

బయలుదేరే ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి చూసేది:

- బాల్ లాక్ పడిందా? నొగను పైకి లేపి చూడండి, బండి వెనక భాగం కూడా దాంతో లేవాలి.
- సేఫ్టీ గొలుసులు రెండూ నొగ కింద ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయా?
- నొగ కింది చిన్న చక్రం జాకీ, పెట్టె మూలల స్టాండ్లు పైకెత్తారా?
- నాలుగు లైట్లు
- టైర్లలో గాలి, స్పేర్‌లో కూడా
- నాలుగు పట్టీలు, నాలుగు తాళ్ళు
- సిలిండర్ వాల్వు మూశారా?
- నీళ్ళ క్యాన్లు ఇరుసుకు ముందే ఉన్నాయా?
- వెనక మెట్టు మీద ఏమీ లేదు కదా? చేపలు కొన్నా సరే, బండి డిక్కీలోనే.